నిలబడితేనే వేడి

సూది ఎర్రగీత మీదికి ఎక్కి కూర్చుంది. ఇవాళ వద్దు, రేపు పాడైపో, ఎల్లుండి ముక్కలైపో, నేనేమీ అనను, ఇవాళ మాత్రం నాలుగింటి దాకా నడువు, అని ఆమె పది నిమిషాలుగా కారుని బతిమాలుతూనే ఉంది గానీ అది వినలేదు. బండిని రోడ్డు వారకి తీసి, ఒక లాండ్రీ షాపు ముందు ఆపి, తాళం తిప్పేసింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి సన్నగా లేస్తోంది. టైము రెండూ నలభై. కుటుంబ కోర్టు ఇక్కణ్ణించి పావుగంట. అక్కడ గుమాస్తా బల్ల మీద ఒక కాగితం ఉంటుంది, దాని కింద రెండు సంతకాలు పడాలి, ఒకటి ఆమెది, ఒకటి ఆమె మొగుడిది. నాలుగు దాటితే గుమాస్తా బల్ల సర్దేస్తాడు, ఇవాళ తప్పితే మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టుకోవాలి అని లాయరమ్మ మూడుసార్లు చెప్పింది, మూడోసారి చిన్నపిల్లకి చెప్పినట్టు వేళ్ళు మడిచి మరీ చెప్పింది. పదకొండేళ్ళ కాపురం, చివరి పది నెలలు ఎవరి దారి వారిది, అన్నీ కలిపి ఒక సంతకం. దానికి వెళ్ళాల్సిన బండి, అదీ ఊళ్ళో సగం బండ్లని బాగుచేసిన మనిషి సొంత బండి, నడిరోడ్డు మీద కాగి ఆగిపోయింది. ఎవరికైనా చెబితే నవ్వుతారు. తనకి మాత్రం నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు, ఏం రావాలో కూడా తెలియలేదు.

దిగి బానెట్ ఎత్తింది. ముఖాన సెగ కొట్టింది. చెయ్యి తనంతట తానే రేడియేటర్ మూత మీదికి వెళ్ళబోయి ఆగింది. కాగిన ఇంజను మూత తీయకూడదు, ఎంత తొందరున్నా తీయకూడదు. నాన్న కుడి ముంజేతి మీద చర్మం మోచేతి దాకా తెల్లగా, నున్నగా మెరిసేది, ఆయన తీశాడు, నలభై ఏళ్ళ పనిలో ఒకే ఒక్కసారి, పెళ్ళివారి బండి అని తొందరపడి. నెల రోజులు అమ్మే కలిపి తినిపించింది, ఆ నెలంతా ఆయన పసిపిల్లాడిలా నోరు తెరిచేవాడు, అమ్మ తిడుతూ తినిపించేది, తిట్టడం ఆగితే తినడం ఆపేసేవాడు. ఇప్పుడదంతా ఎందుకు గుర్తొస్తోంది, అరగంట, కనీసం అరగంట చల్లారాలి, షెడ్డులో అయితే ఈ అరగంటలో ఇంకో బండి కింద దూరేది, ఇక్కడ ఏం చేస్తుంది, నిలబడుతుంది. ఊరికే నిలబడి, చల్లారేదాకా చూడటం ఆమెకి ఎప్పుడూ చేతకాలేదు. బండ్ల విషయంలో గత్యంతరం లేక నేర్చుకుంది. మనుషుల విషయంలో అదీ లేదు, మూత మీద చెయ్యి వేసేసేది, తర్వాత కాలిందని గోల పెట్టేది.

లాండ్రీ షాపాయన ఇస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టి, చేతులు చల్లారబెట్టుకుంటూ బయటికొచ్చాడు. బండిని చూశాడు, ఆమెని చూశాడు, మళ్ళీ బండిని చూసి అయ్యో అన్నాడు. దగ్గర్లో తనకి తెలిసిన మెకానిక్ ఉన్నాడట, పిలవమంటే పిలుస్తాడట, ఆడకూతురు ఒక్కతే ఇలాంటివి ముట్టుకోకూడదట, చేతులు కాల్చుకుంటుందట. ఆమె తలాడించింది. ఇంకో రోజైతే అతని షాపు ముందే ఇంజను ఊడదీసి నట్టూ బోల్టూ వరసగా పేర్చి చూపించేది. ఇవాళ అతను చెప్పిందే నిజమేమో అనిపించింది, నిజంగానే ఎవరైనా మెకానిక్ వస్తే బాగుండును, వచ్చి, అమ్మా ఇదీ సంగతి అని చెప్పి పోతే బాగుండును, బండి గురించీ మిగతా దాని గురించీ. షాపాయన కాసేపు చూసి, నీళ్ళు కావాలంటే లోపల కుళాయి ఉందని చెప్పి మళ్ళీ తన చొక్కాల దగ్గరికి వెళ్ళాడు.

సరే, వరసగా రా, అనుకుంది. నాన్న నేర్పిన వరస. ముందు నీళ్ళు. పక్కనున్న తెల్లడబ్బాలో నీళ్ళు గీత దాకా ఉన్నాయి, పొద్దున తనే పోసింది, గాలి బుడగలు పోయేదాకా ఇంజను నడిపి మరీ పోసింది, పది నెలలు టార్పాలిన్ కింద పడి ఉన్న బండి కదా అని ఒళ్ళు దగ్గర పెట్టుకుని పోసింది. కారడం లేదు, కింద నేల పొడిగా ఉంది. తర్వాత బెల్టు. బిగువుగానే ఉంది. తర్వాత పైపులు. గుడ్డ పట్టుకుని పై పైపు ముట్టుకుంది, వేడి. కింది పైపు ముట్టుకుంది, అదీ వేడే. కింది పైపు చల్లగా ఉంటే లోపల థర్మోస్టాట్ మూసుకుపోయిందని అర్థం, నీళ్ళు తిరగడం లేదని అర్థం, అలా ఉంటే ఎంత బాగుండేది, దాన్ని పీకి అవతల పారేసి వెళ్ళిపోయేది. లేదు, నీళ్ళు శుభ్రంగా తిరుగుతున్నాయి. నూనె పుల్ల తీసి చూసింది, నూనెలో నీళ్ళు కలిస్తే తెల్లగా మజ్జిగలా ఉంటుంది, ఇది బంగారంలా ఉంది. ఏదీ పాడవలేదు. ఒక్కొక్కటే విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టడానికి లేదు, అన్నీ కలిసి నడిచేసరికి కాగిపోతోంది. లాయరమ్మ కూడా ఇదే అడిగింది, తాగుతాడా, కొడతాడా, ఇంకెవరైనా ఉన్నారా, ఇంట్లో డబ్బివ్వడా, అత్తగారు ఆరళ్ళు పెడుతుందా, అని ఒక్కొక్కటే అడుగుతూ పోతే లేదు, లేదు, లేదు అంది ఆమె. మరి ఎందుకమ్మా అంది లాయరమ్మ కళ్ళజోడు తీసి. ఎందుకంటే హెడ్‌మిస్ట్రెస్ గారి బండి, అంది ఆమె. లాయరమ్మ రాయడం ఆపేసింది.

అవును, ఆ బండే. రెండు కార్లకి ఒకే వారం ఫ్యాను మోటార్లు పోయాయి, ఒకటి హెడ్‌మిస్ట్రెస్ గారిది, ఒకటి తమది, ఇదే, ఇప్పుడు కాగి నిలబడ్డది. మొగుడు రెండు కొత్త మోటార్లు పట్టుకొచ్చాడు. షెడ్డులో ఇంజను పని ఆమెది, తీగల పని అతనిది, అందుకే నాన్న అతన్ని పనికి చేరిన మొదటి వారంలోనే కరెంటు అని పిలవడం మొదలుపెట్టాడు, తర్వాత ఊరంతా అదే పేరు. ఆ మధ్యాహ్నం కరెంటు రెండు బండ్లకీ మోటార్లు బిగించాడు, తీగలు కలపబోతుండగా ఫోనొచ్చింది, అత్తగారు బాత్రూములో జారిపడిందని, చేతిలో పానా అక్కడే పడేసి పరుగెత్తాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు సాయంత్రం బడి వదలగానే వచ్చి కుర్చీలో కూర్చున్నారు, ఎదురుగా కూర్చుని గడియారం చూస్తుంటే ఎవరికైనా చేతులు తిన్నగా ఆడవు. ఆమె తీగలు తనే కలిపింది, టేపు చుట్టింది, ఫ్యాను గిర్రున తిరిగింది, బండి ఇచ్చేసింది. మర్నాడు వంతెన మీద బండ్లన్నీ ఇరుక్కుని ముప్పావుగంట కదల్లేదట, ఆ కారు అక్కడే కాగి, ఇంజను పట్టేసి, బిగుసుకుపోయింది. లాక్కెళ్ళి పెద్ద షెడ్డులో పడేశారు, వాళ్ళు లోపలున్నదంతా పీకి కొత్తది పెట్టి, ఎందుకు పోయిందో అడిగినవాళ్ళకి పోయిందండీ అని చెప్పారు.

హెడ్‌మిస్ట్రెస్ గారు షెడ్డుకొచ్చి, పదిమంది ముందు, ఎవరు చేశారీ పని అని అడిగారు, బళ్ళో సుద్దముక్క విసిరిందెవరని అడిగినట్టు. ఆమె నోటివెంట ఎలా వచ్చిందో వచ్చింది, మోటారు బిగించింది నేను కాదండీ, ఆయన్ని అడగండి. ఆ మాట అంటుండగానే అతని ముఖం చూసింది, చూసి కూడా ఆపలేదు. అతను చేతులు తుడుచుకుంటూ, నేను పెట్టింది సరిగ్గానే పెట్టానండీ, నా తర్వాత చెయ్యి పెట్టినవాళ్ళని అడగండి అన్నాడు. అంతే. అరుపులు కూడా లేవు. ఇంటికొచ్చాక మొదలైంది, నువ్వు గాలి తీయకుండా నీళ్ళు పోశావని అతను, నువ్వు తల్లి ధ్యాసలో పడి మోటారు తలకిందులు చేశావని తను. తను అబద్ధం ఆడటం లేదని తనకి తెలుసు, చేత్తో చేసిన పని చేతికి గుర్తుంటుంది. అతనూ అంత గట్టిగానే అన్నాడు. ఇద్దరూ నిజమే చెబుతుంటే ఇంజను ఎలా పోతుంది, ఎవరో ఒకరు అబద్ధం ఆడాలి కదా, తను కాదు కాబట్టి అతనే. అతని లెక్కా అదే. రెండు వారాలకి అతను వాళ్ళక్క ఇంటికి వెళ్ళాడు, అక్కణ్ణించి బస్సుల డిపోలో ఉద్యోగానికి, అక్కణ్ణించి కాగితాలకి. ఒక్కో మెట్టూ దిగుతున్నప్పుడు చిన్నదిగానే కనిపించింది.

మూడైంది. ఇంకా గుడ్డ వేసి మూత తాకితే చురుక్కుమంటోంది. సరే మూత తీయక్కర్లేదు, ఫ్యాను చూద్దాం, అనుకుని కారులోకి వంగి తాళం తిప్పింది. ఇంజను అందుకుంది, పాపం దానికేం, అది ఎప్పుడంటే అప్పుడు అందుకుంటుంది. ఫ్యాను గిర్రున తిరిగింది. ముందుకొచ్చి జాలీ ఎదురుగా నిలబడి చూసింది, తిరుగుతోంది, చప్పుడు కూడా నున్నగా ఉంది. అయినా సూది మెల్లగా పైకే వెళ్తోంది. తాళం తీసేసింది. మరి ఎందుకు, ఎందుకు, ఇందాక ఊరి బయట పెద్ద రోడ్డు మీద అరగంట వచ్చింది కదా, అప్పుడు సూది మధ్యలో కదలకుండా ఉంది, అరవై మీద వచ్చినా ఉంది, బజారులోకి వచ్చి బండ్ల వెనక బండిగా నత్తనడక మొదలయ్యాకే ఎక్కింది. పరిగెడితే చల్లగా ఉంటుంది, నిలబడితేనే వేడి. పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి చల్లబరుస్తుంది, నిలబడితే ఫ్యానొక్కటే దిక్కు, కాబట్టి తప్పు ఫ్యానుదే కావాలి, కానీ ఫ్యాను తిరుగుతోంది, కళ్ళముందే తిరుగుతోంది. తామిద్దరూ అంతే, అనుకుంది, పని ఉన్నన్నాళ్ళూ బాగానే ఉన్నారు, పొద్దున ఆరింటికి షెడ్డు తెరిచి రాత్రి తలుపేసేదాకా ఒకరి చేతికి ఒకరు పానాలు అందిస్తూ, మాటలతో పనే ఉండేది కాదు, పద్నాలుగు పానా అంటే చాలు పద్నాలుగు పానా, పండగరోజు సెలవొస్తే మాత్రం మధ్యాహ్నానికల్లా ఏదో ఒకదానికి ముఖాలు గంటుపెట్టుకుని కూర్చునేవారు. బండి గురించి ఆలోచించు, బండి గురించి. ముఖానికీ మోకాళ్ళకీ ఇంకా వేడిగా ఉంది, చీర కుచ్చిళ్ళు కూడా వెచ్చబడ్డాయి, ఎండ మండిపోతోంది అనుకుంది, తలెత్తి చూస్తే లాండ్రీ రేకు నీడలోనే ఉంది.

అసలు నీకిది బాగవ్వాలని ఉందా, అని ఉన్నట్టుండి తనని తను అడిగింది. ఏడాది క్రితమైతే ఇంజను చప్పుడు విని చెప్పేది జబ్బేమిటో, రోడ్డు మీద పోయే బండిని విని చెప్పేది. ఇవాళ అరగంట నుంచి తలా తోకా దొరకడం లేదంటే చేతులు మొద్దుబారాయా, మనసు చేతుల్ని పట్టుకుని ఆపుతోందా. ఆటో ఎక్కి వెళ్ళొచ్చు కదా, ఇందాకటి నుంచి ఎన్ని పోయాయి, ఒక్కదానికీ చెయ్యెత్తలేదు. డిక్కీలో అతని ఇనప్పెట్టె ఉంది, దాన్ని ఇవాళ అప్పగించాలి, అంత బరువు ఆటోలోకి ఎవరెత్తుతారు, అని సమాధానం చెప్పుకుంది, చెప్పుకున్నాక లాండ్రీ షాపాయన కండలు చూసి ఆ సమాధానం కూడా సిగ్గుపడింది. వెళ్ళాలనీ ఉంది, ఆగిపోవాలనీ ఉంది. వెళ్ళి సంతకం గీకి, హమ్మయ్య అనుకోవాలని ఉంది, ఆ హమ్మయ్య ఎవరితో చెప్పుకుంటుందో ఆలోచిస్తే మళ్ళీ అతనే కనిపిస్తున్నాడు. ఇదేం తిక్క, అనుకుంది. తన మీద తనకే విసుగొచ్చింది.

మోటారుకి కరెంటు పూర్తిగా అందుతోందో లేదో చూడాలి, బలహీనంగా తిరుగుతోందేమో, దానికి టెస్టు బల్బు కావాలి, అది అతని పెట్టెలో ఉంటుంది. డిక్కీ తెరిచింది. పది నెలలుగా ఆ పెట్టె షెడ్డు మూలన ఉంది, దాని మీద గోనెపట్టా కప్పి ఉంచింది, మూత ఎత్తలేదు, అతని పెట్టె అతను తెరవాలి అని పంతం. పొద్దున ఇద్దరి చేత మోయించి ఎక్కించింది తప్ప చెయ్యి వేయలేదు. ఇప్పుడు మూత ఎత్తగానే టంకం వాసన, రబ్బరు వాసన, అతను చెవి వెనక పెట్టుకునే పెన్సిలు ముక్కలు నాలుగు, తను చూసి చూసి విసిగిపోయిన ఆ క్రమశిక్షణ, దేని గూట్లో అది. బల్బు చేతికొచ్చింది. దానికి రెండు తీగలు, రెండూ నల్లవే, ఒకదాని చివర క్లిప్పు, ఒకదాని చివర మేకులా మొనదేలిన పుల్ల. క్లిప్పు బండి బాడీకి, అంటే ఇనప రేకుకి, తగిలించాలి, పుల్లతో కరెంటు తీగని గుచ్చాలి, పుల్ల ఉన్న తీగకి ముడి ఉంది. ముడి తప్పు తీగకి వేశాడే, అనుకుంది. తల్లి ధ్యాసలో కాబోలు, అనుకుంది. పక్క గూట్లో పాత హారను ఉంది, దాని మీద తెల్లరంగుతో కూడిక గుర్తు వేసి ఉంది, కరెంటు వచ్చే వైపని. ముడి ఆ తీగకే. ఇంకో మోటారు ముక్క, దానికీ కరెంటు వైపే ముడి. చిన్న లైటు హోల్డరు, దానికీ అంతే. ఇన్నింటికి ధ్యాస తప్పుతుందా ఎవరికైనా, అనుకుంటూనే ఆమె డిక్కీ అంచు పట్టుకుని వంగి ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది.

నాన్నకి రంగులు తెలిసేవి కావు. ఎరుపూ ఆకుపచ్చా ఆయనకి ఒకే మట్టిరంగు, ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు, మెకానిక్‌కి రంగులు తెలియవంటే బండెవరిస్తారు. అందుకే ఊడదీసిన ప్రతి జంట తీగల్లో బాడీకి వెళ్ళే దానికి ముడి వేసేవాడు. ఆమెకి ఏడేళ్ళప్పుడే నేర్పాడు, ముడి ఉన్నది బాడీకి బిగించు, మిగిలిందాని జోలికి పోకు. ఆమెకి రంగులన్నీ తెలుసు, అయినా ముడి అలవాటు పోలేదు, చేతికి అంటుకుపోయింది. అతను పనికి చేరిన మొదటిరోజు తీగ ఊడదీసి టక్కున ముడి వేయడం నాన్న చూశాడు. ఆ సాయంత్రం అమ్మతో ఎంత సంబరంగా చెప్పాడని, వీడూ ముడి వేస్తున్నాడే, మన పద్ధతి తెలిసినవాడు, అని. ఏడాది తిరక్కుండా అల్లుణ్ణి చేసుకున్నాడు. ఆమె ఒప్పుకున్నదీ కొంత ఆ చేతుల్ని చూసే. ఏ తీగకి వేస్తున్నాడో నాన్న చూడలేదు. తనూ చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు, అతను మొదలుపెట్టిన తీగ అతనే ముగించేవాడు, తను మొదలుపెట్టింది తనే ముగించేది, పదకొండేళ్ళలో రెండే రెండుసార్లు ఒకరి ముడి ఒకరి చేతిలోకి వచ్చింది. ఒకటి హెడ్‌మిస్ట్రెస్ గారి బండి. రెండోది ఈ బండి, అదే రోజు అతను మోటారు బిగించి, ముడి వేసి, కలపకుండా వదిలేసింది, ఇవాళ పొద్దున తను తొందరగా కలిపింది. కొత్త మోటార్లకి రెండు తీగలూ నల్లవే.

ఇంజను మళ్ళీ నడిపింది. చేతికి దొరికిన కాగితం, అది లాయరమ్మ తేదీ రాసిచ్చిన చీటీ, దాన్నే తీసుకెళ్ళి జాలీ ముందు పట్టుకుని వదిలింది. ఫ్యాను సవ్యంగా తిరుగుతుంటే గాలి బయట నుంచి లోపలికి లాగుతుంది, కాగితం జాలీకి అతుక్కోవాలి. చీటీ ఎగిరి ఆమె ముఖాన కొట్టుకుని రోడ్డు మీద పడింది. మోకాళ్ళకి తగిలిన ఆ వేడి ఎండ కాదు, ఫ్యాను తన మీదికి ఊదుతున్న సెగ. బండి ముందుకి వెళ్తుంటే ఎదురుగాలి ఎలాగో గెలిచి నెట్టుకొచ్చింది, నిలబడగానే ఫ్యాను వచ్చే చల్లగాలిని కూడా బయటికి నెట్టేసింది. తిరుగుతోందని చూశారు, ఎటు తిరుగుతోందో ఎవరూ చూడలేదు. ఆపి, టేపు విప్పి, రెండు తీగలూ మార్చి మెలిపెట్టి మళ్ళీ టేపు చుట్టింది, రెండు నిమిషాల పని. చీటీ ఏరుకొచ్చి మళ్ళీ వదిలింది. జాలీకి టప్పున అతుక్కుంది. సూది కిందికి జారి మధ్యలో నిలబడింది. పది నెలలు ఇద్దర్లో ఎవరు అబద్ధాలకోరు అని కొట్టుకు చచ్చారు, ఎవరూ కాదు, ఇద్దరూ తమతమ పని నూటికి నూరుపాళ్ళు సరిగ్గా చేశారు. ఆనందపడాలో నెత్తి కొట్టుకోవాలో తెలియక ఆమె కారు సీట్లో అడ్డంగా కూలబడింది, కాళ్ళు రోడ్డు మీద, తల చేతుల్లో.

తర్వాత ఫోను చేసింది. రెండు నెలలుగా ఇద్దరి మాటలూ లాయర్ల ద్వారానే. షెడ్డులో అతన్ని నువ్వు అనేది, కాగితాలు మొదలయ్యాక మీరు అనడం మొదలుపెట్టింది, అతనూ అంతే. ఒక్క మోతకే ఎత్తాడు.

"బండి కాగి దారిలో ఆగిందండీ" అంది.

"నీళ్ళున్నాయా?"

"ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. ఒక్కటి చెప్పండి, మీరు ముడి ఏ తీగకి వేస్తారు?"

"కరెంటొచ్చే తీగకి" అన్నాడు ఆశ్చర్యంగా. "జాగ్రత్తగా ముట్టుకోమని. ఇంకెందుకు వేస్తారు ముడి?"

"మా నాన్న బాడీకి వెళ్ళే తీగకి వేసేవాడు. నాకూ అదే అలవాటు."

అవతల కోర్టు వరండాలో ఎవరెవరి పేర్లో పిలుస్తున్నారు, ఎవరో దగ్గుతున్నారు. తీగల మనిషికి ఇంకేమీ విడమరిచి చెప్పక్కర్లేదు. అతను, అయితే హెడ్‌మిస్ట్రెస్ గారి ఇంజను మనిద్దరం కలిసి కాల్చాం అన్నాడు. ఆమె అవునంది. నువ్వు అబద్ధం ఆడలేదు అంది, అన్నాక నువ్వు అన్నానని గమనించింది, దిద్దుకోలేదు. నువ్వూ ఆడలేదు అన్నాడతను.

"నేను సంతకం పెట్టేశాను" అన్నాడు. "రెండున్నరకే వచ్చాను. నువ్వు ఎదురుగా ఉంటే చెయ్యి ఆడదని ముందే పెట్టేశాను."

కోపమొచ్చింది, ఇంకో గంట ఆగలేకపోయాడా అని, వెంటనే ఆ కోపానికే సిగ్గేసింది, తనూ సంతకం పెట్టడానికే కదా పొద్దుటి నుంచీ బయల్దేరింది. చెయ్యి ఆడదని అన్నాడు, ఆ మాట పది నెలల క్రితం అని ఉంటే. ముడి సంగతి తేలినంత మాత్రాన పదిమంది ముందు ఆయన్ని అడగండి అన్న మాట వెనక్కి వస్తుందా, తనకి జ్వరమొచ్చి వారం మంచాన పడితే అతను తొంగి చూడకపోవడం మాసిపోతుందా. తీగ అంటే రెండు నిమిషాల్లో మార్చి కట్టింది. మిగిలినవి ఎలా మారుస్తారో, అసలు మారతాయో లేదో ఆమెకి తెలియదు, ఏ వరసలో చూడాలో నాన్న కూడా నేర్పలేదు. భయం వేసింది, నిజం చెప్పాలంటే ఆశ కూడా వేసింది, ఆశ వేసినందుకు ఇంకా భయం వేసింది.

"నీదొక్కటే మిగిలింది" అన్నాడతను. "అది లేకపోతే ఉత్త కాగితమేనట, గుమాస్తా చెప్పాడు. నాలుగింటి దాకా ఉంటాడు. బండి బాగయిందిగా, ఎంతసేపట్లో వస్తావు?"

టైము మూడూ ముప్పై ఐదు. ఇప్పుడు బయల్దేరితే ఇంకా పది నిమిషాలు మిగులుతాయి.

"నాలుగు దాటాక వస్తాను" అంది.

వరండాలో మళ్ళీ ఎవరినో పిలిచారు.

"అప్పటికి గుమాస్తా ఉండడు" అన్నాడు మెల్లగా.

"నువ్వుంటావా?"

ఫోనులో ఏదో కుర్చీ లాగిన చప్పుడు, ఎవరో కూర్చున్న చప్పుడు.

"ఉంటాను" అన్నాడు.

ఆమె ఫోను పక్క సీట్లో పెట్టింది. ఇంజను ఆపేసి, సీటు వెనక్కి వాల్చి, గడియారం వైపు తిరిగి కూర్చుంది. కళ్ళు నిండి కారుతున్నాయి, తుడుచుకోలేదు. లాండ్రీ షాపాయన గుమ్మంలోంచి తొంగి చూసి, ఇంకా బాగవలేదా అమ్మా అని అడిగాడు. బాగయిందండీ అంది. మరి బయల్దేరలేదేం అంటే, ఇంకా పాతిక నిమిషాలు ఉంది అని చెప్పింది.